సూరత్ పద్దులో వలస కార్మికుడి వాటా

పరిశుభ్రతలో దేశంలో ప్రథమస్థానాన్ని ఇండోర్‌తో కలసి పంచుకున్న నగరం సూరత్. 2023 సంవత్సరపు స్వచ్ఛ సర్వేక్షణ్ ఫలితాలు 2024 జనవరిలో వెలువడినప్పుడు ఈ ఘనత ఆ నగరానికి దక్కింది. అయితే అదే నగరంలోని వేడ్ రోడ్, కతార్‌గాం, ఉధనా ప్రాంతాలలో మరమగ్గాల కార్మికులు పదుల సంఖ్యలో ఒకే హాలులో తలదాచుకుంటున్నారు. పగటి షిఫ్టు ముగించుకొని వచ్చినవాడు నడుం వాల్చే చోటు, రాత్రి షిఫ్టుకు వెళ్ళినవాడు ఖాళీచేసినదే. అక్కడి మరుగుదొడ్డి ఎందరికి ఒకటి, మంచినీరు ఏ వేళకు వస్తుంది అన్న ప్రశ్నలకు సమాధానం నగరపాలక సంస్థ పద్దులో వెదకాలని కొన్ని స్వచ్ఛంద సంస్థలు చాలాకాలంగా వాదిస్తున్నాయి. సూరత్ నగరానికి ఆదాయం ఎవరి శ్రమ నుండి వస్తోంది, ఖర్చు ఎవరి కోసం జరుగుతోంది అన్నది వాటి మౌలిక ప్రశ్న.

ఈ ప్రశ్న ఒకసారి ప్రాణాంతకంగానే ఎదురైంది. 1994 సెప్టెంబరులో, తాపీ వరదల వెనువెంటనే ప్లేగు వ్యాపించినప్పుడు లక్షలాది కార్మికులు దొరికిన రైలెక్కి నగరాన్ని విడిచిపోయారు. మగ్గాలు మూగబోయాయి. మురికివాడల పారిశుద్ధ్యాన్ని ఉపేక్షిస్తే నష్టం మురికివాడలకే పరిమితం కాదని అప్పుడు గాని వ్యాపార వర్గాలకు బోధపడలేదు. 1995 మేలో కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు పాలనను ఆరు మండలాలకు వికేంద్రీకరించి, అధికారులను ప్రతి ఉదయం వీధులలోకి నడిపించి, పలుకుబడి గలవారి అక్రమ కట్టడాలతోనే కూల్చివేతలు మొదలుపెట్టారు. పేదవాడలకు నీటి కుళాయిలు, రాతి బాటలు, మరుగుదొడ్లు వచ్చాయి. పన్ను వసూళ్ళు కూడా పెరిగాయి. సేవ కంటికి కనిపిస్తే పన్ను చెల్లించడానికి పౌరుడు వెనుకాడడని సూరత్ అనుభవం రుజువు చేసింది.

ఆనాడు నగరానికి అతిపెద్ద ఆదాయ వనరు ఆక్ట్రాయ్. నగరంలోకి వచ్చే ప్రతి సరుకుపైనా పడిన ఆ సుంకం ధరలలో కలిసి, చిట్టచివరకు కార్మికుడి జేబునే తాకేది. 2007 నవంబరులో గుజరాత్ ప్రభుత్వం దానిని రద్దు చేసింది. బదులుగా ఏటా పరిహారపు గ్రాంటు ఇవ్వడానికి అంగీకరించి, మరుసటి సంవత్సరం వృత్తిపన్ను విధించే అధికారాన్ని స్థానిక సంస్థలకు అప్పగించింది. రాజ్యాంగం 276వ అధికరణం ప్రకారం వృత్తిపన్ను తలకు ఏడాదికి 2,500 రూపాయలు మించరాదు గనుక అది ఆక్ట్రాయ్‌కు సాటి రాగలది కాదు. తన చేతిలోని పన్నును కోల్పోయి గ్రాంటు కోసం ఎదురుచూసే సంస్థగా నగరపాలిక మారిందన్నమాట. 2017 జూలైలో వచ్చిన వస్తు సేవల పన్నుతో పరోక్ష పన్నుల రాబడి కేంద్ర, రాష్ట్రాలకే చేరుతోంది. కొత్త పన్నును నిరసిస్తూ సూరత్ వస్త్ర వ్యాపారులు వారాల తరబడి దుకాణాలు మూసినప్పుడు దేశమంతా వారి గోడు విన్నది. మగ్గాలు ఆగి కూలి కోల్పోయినవారి లెక్క మాత్రం ఎవరూ అడగలేదు.

గ్రాంట్ల పంపిణీలో జనాభా ప్రధానమైన కొలమానం. ఆ జనాభా ఏనాటిది అన్నదే చిక్కు. 2001లో 24 లక్షలున్న సూరత్ జనాభా 2011 నాటికి 44 లక్షలు దాటింది. 2006లో 112 చదరపు కిలోమీటర్ల నుండి 326కు, 2020లో సుమారు 461కి నగర పరిధి విస్తరించింది. 2021లో జరగవలసిన జనగణన 2027కు వాయిదా పడింది. 15వ ఆర్థిక సంఘం సైతం 2011 అంకెలనే ఆధారం చేసుకున్నది. ఏడాదిలో కొన్ని నెలలు ఊళ్ళో, మిగిలిన నెలలు సూరత్‌లో గడిపే కార్మికుడు జనగణన వేళ ఎక్కడ ఉన్నాడన్నదానిపై ఆ నగరానికి రావలసిన నిధి ఆధారపడి ఉంటోంది.

రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ కేంద్రంగా 2005 నుండి వలస కార్మికుల మధ్య పనిచేస్తున్న ఆజీవికా బ్యూరో, అహ్మదాబాద్, సూరత్ నగరాలను పరిశీలించి 2020లో ఒక నివేదిక వెలువరించింది. నగర ప్రణాళికలన్నీ స్థిరనివాసినే పౌరుడిగా పరిగణిస్తున్నాయని, చిరునామా పత్రం లేనివాడికి నీరు, పారిశుద్ధ్యం, రేషన్ అందడం లేదని అందులోని సారాంశం. అదే ఏడాది ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ స్వస్థలాలకు పంపాలంటూ సూరత్ వీధులలోకి వచ్చిన కార్మికులు ఈ మాటకు సాక్ష్యం పలికినట్లయింది. అద్దెతోపాటు ఆస్తిపన్నునూ పరోక్షంగా భరించే వ్యక్తి నగరపాలక సంస్థ దస్తావేజులలో పన్ను చెల్లింపుదారుగా ఎక్కడా కనిపించడు. రసీదు యజమాని పేర ఉంటుంది.

చట్టం కూడా ఈ విషయంలో రెండు నాలుకలతో మాట్లాడుతుంది. 1949 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం పారిశుద్ధ్యం, నీటి సరఫరా, ప్రాథమిక విద్యలను తప్పనిసరి విధులుగా పేర్కొంటూ, పేదల నివాసాల వంటి వాటిని ఐచ్ఛిక విధుల పట్టికలో చేర్చింది. నిధులు బిగిసినప్పుడు మొదట కత్తెర పడేది ఐచ్ఛికాలకే అని వేరే చెప్పనక్కరలేదు. లక్ష జనాభాకు ఒక ఆశ్రయ గృహం ఉండాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2011 జనాభా ప్రకారమే చూసినా సూరత్‌కు 44 కావాలి.

తప్పనిసరి విధుల ఫలం ఎలా ఉంటుందో తెలియాలంటే లింబాయత్ పరిసరాలలోని తెలుగువారిని చూడాలి. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుండి మగ్గం వెంట తరలివెళ్ళిన పద్మశాలి కుటుంబాలు అక్కడ రెండు మూడు తరాలుగా స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీతోపాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్లంలోనే కాక తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. స్వరాష్ట్రంలోనే తెలుగు బడులు పలచబడుతున్న తరుణంలో గుజరాత్ నగరపాలిక సొమ్ముతో తెలుగు బడి నడవడం గమనార్హం. ఒడియా కార్మికులలో అత్యధికులు ఒంటరిగా వచ్చి వెళ్ళేవారు. కుటుంబంతో స్థిరపడినవారి బిడ్డకు దొరికిన బడి, ఒంటరి కార్మికుడికి దొరకని స్నానపు గది, ఒకే పద్దులోని రెండు పార్శ్వాలు.

బడ్జెట్ పుస్తకాన్నే ఆయుధంగా మలచుకోవడం గుజరాత్‌కు కొత్త కాదు. 1985లో మధుసూదన్ మిస్త్రీ నెలకొల్పిన దిశ అనే సంస్థ 1990ల ఆరంభం నుండి రాష్ట్ర బడ్జెట్‌ను శోధించి, గిరిజన ఉప ప్రణాళికకు చూపిన సొమ్ములో ఎంత వాస్తవంగా ఖర్చయిందో తేల్చింది. కూడికల్లోని తప్పులను సైతం పట్టుకొని, క్లుప్తమైన పత్రాలుగా శాసనసభ్యుల చేతికి అందించేది. ప్రతిపక్షం ఆ అంకెలతోనే సభలో ప్రశ్నలు వేసేది. రాష్ట్ర స్థాయిలో సాగిన ఈ పని వార్డు స్థాయికి దిగవలసి ఉంది. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చిన తరువాత పత్రాలు సంపాదించడం సులువైంది గాని, పత్రం చదివే మనిషికి జీతం ఎవరివ్వాలన్నది మిగిలే ఉంది. కంపెనీల చట్టం కింద 2014 ఏప్రిల్ నుండి అమలవుతున్న రెండు శాతం సామాజిక బాధ్యత నిధులు అన్నదానానికో, వైద్య శిబిరానికో ఇట్టే లభిస్తాయి. నగరపాలికను నిలదీసే లెక్కలకు ఏ కంపెనీ ముందుకు వస్తుంది? విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ పెద్ద సంస్థలు చిన్న సంస్థలకు నిధులు బదలాయించడాన్ని నిషేధించి, పాలనా వ్యయాన్ని 20 శాతానికి కుదించింది. బస్తీలో పనిచేసే చిన్న బృందాలకే ఈ దెబ్బ బలంగా తగిలింది.

వలస వెళ్ళినవారిని వెనక్కి రప్పిస్తామని 2017 అక్టోబరులో కాకతీయ జౌళి పార్కు శంకుస్థాపన వేళ అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి చంద్రశేఖరరావు ప్రకటించారు. అయినా లింబాయత్‌లో తెలుగు మాట వినబడుతూనే ఉంది. ఇక మిగిలింది సూరత్‌లోనే తమ వాటా అడగడం. కమిషనర్ ముసాయిదా బడ్జెట్ సాధారణంగా జనవరి చివర లేదా ఫిబ్రవరిలో స్థాయీ సంఘానికి, అటుపైన సర్వసభ్య సమావేశానికి చేరుతుంది. సామూహిక మరుగుదొడ్లు, కార్మికుల అద్దె వసతిగృహాలు, షిఫ్టు వేళలకు అనువైన ఆరోగ్య కేంద్రాల కోసం ప్రత్యేక పద్దు కావాలన్న వినతి ఆ లోపుగానే అందవలసి ఉంటుంది. ముసాయిదా సంఘం గడప దాటిన తరువాత పద్దులు మారడం అరుదు.