గ్యాస్ లైను మాటలు మనకెందుకులే అనుకోకండి

ఈ పోస్టు కాస్త పెద్దదే. పొలంలోంచి గ్యాస్ పైపులైను వెళ్తున్నవాళ్లు, వెళ్లబోతోందని విన్నవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి. మిగతావాళ్లు దాచుకోండి, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది.

మొన్న మా ఊరి రామాలయం అరుగు మీద ఒక నోటీసు చేతులు మారుతోంది. కింద సర్వే నంబర్లు, వాటి ఎదురుగా విస్తీర్ణాలు. పైన 'ఆర్.ఓ.యు.' అని మూడు ముక్కలు. ఒక పెద్దాయన నన్ను పిలిచి, "ఒరే అబ్బాయ్, ఇందులో నాది ముప్పై సెంట్లు రాశారు. ఇది పోయినట్టా, ఉన్నట్టా?" అని అడిగారు. అరుగు మీద పదిమందిమి ఉన్నాం, డిగ్రీలు చదివినవాళ్లూ ఉన్నారు. ఒక్కరం కూడా తిన్నగా జవాబు చెప్పలేకపోయాం.

ఇంటికొచ్చి చట్టం చదివాను, తెలిసినవాళ్లని అడిగాను. నాకు అర్థమైంది ఇదీ. ఇవన్నీ ఇంజినీర్ల మాటలని మనం వదిలేస్తున్నాం. కానీ ఒక్కో మాట వెనక మన గట్టు ఉంది, మన చెట్టు ఉంది, మన ప్రాణం కూడా ఉంది. అర్థం కాని మాట కింద సంతకం పెట్టడమంటే కాటా చూడకుండా ధాన్యం లారీకి ఎత్తించినట్టే.

ముందు ఆ మూడు ముక్కల సంగతి. ఆర్.ఓ.యు. అంటే వినియోగ హక్కు. 1962లో వచ్చిన పెట్రోలియం, ఖనిజ పైపులైన్ల చట్టం కింద తీసుకునేది ఇది. భూసేకరణ కాదు. పట్టా మన పేరు మీదే ఉంటుంది, శిస్తు మనదే, అమ్ముకునే హక్కూ మనదే. ఆ పట్టీ కింద పైపు వేసి నడుపుకునే హక్కు మాత్రం ప్రభుత్వానికో, కంపెనీకో పోతుంది. ఏదో నాలుగేళ్లకి కాదు, లైను ఉన్నన్నాళ్లూ.

ఈ చట్టంలో మూడు సెక్షన్ల నంబర్లు గుర్తుపెట్టుకోండి చాలు.

మొదటిది సెక్షన్ 3. "మీ భూమిలో వినియోగ హక్కు తీసుకోవాలనుకుంటున్నాం" అని గెజిట్‌లో వేసే ప్రకటన ఇది. ఇది వచ్చినప్పుడే మనం మేలుకోవాలి. గెజిట్ ప్రతులు జనానికి అందుబాటులోకి వచ్చిన రోజు నుంచి 21 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. కాంపిటెంట్ అథారిటీ అనే అధికారి మనల్ని పిలిచి వినాలి. మనమే వెళ్లొచ్చు, లాయర్నీ పంపొచ్చు. చాలామంది ఈ 21 రోజులూ "చూద్దాంలే" అని గడిపేసి, జేసీబీ పొలంలో దిగాక గొడవకి వెళ్తారు. అప్పటికి బండి దాటిపోయి ఉంటుంది.

రెండోది సెక్షన్ 6. అభ్యంతరాలు విన్నాక వేసే ప్రకటన. ఇది వచ్చిందంటే హక్కు వాళ్లకి దఖలు పడినట్టే. సెక్షన్ 3 ప్రకటన వచ్చిన ఏడాదిలోగా ఇది రాకపోతే మొదటి ప్రకటన చెల్లదు. అందుకే రెండు కాగితాల మీదా తేదీలు చూసుకోండి.

మూడోది సెక్షన్ 9. అసలు కథంతా ఇందులోనే ఉంది. పైపు పూడ్చేశాక మన పొలం మనకి ఇచ్చేస్తారు. అంతకుముందు ఏ పనికి వాడుతున్నామో ఆ పనికే వాడుకోవచ్చు. వరి వేసేవాళ్లు వరి వేసుకోవచ్చు. కానీ ఆ పట్టీలో ఇల్లు గానీ, షెడ్డు గానీ కట్టకూడదు. బావి, చెరువు తవ్వకూడదు. చెట్టు నాటకూడదు.

మళ్లీ చదవండి. చెరువు తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. గోదావరి జిల్లాల్లో ఈ రెండూ పోతే రైతుకి ఇంకేం మిగులుతుంది? వరి గిట్టక చేపల చెరువుకి మారదామంటే కుదరదు. కొబ్బరి తోటలోంచి లైను వెళ్తే కొట్టేసిన చెట్లకి పరిహారం ఇస్తారు, నిజమే. కానీ ఆ జాగాలో మన మనవడు కూడా మళ్లీ మొక్క నాటడానికి లేదు.

మరి దీనికి ఇచ్చేదెంత? సెక్షన్ 10 ప్రకారం పంటకి, చెట్లకి జరిగిన నష్టం వేరే. వినియోగ హక్కుకి మాత్రం భూమి మార్కెట్ విలువలో 10 శాతం. అదీ సెక్షన్ 3 ప్రకటన వచ్చిన రోజు విలువ ప్రకారం. లెక్క వేసి చూద్దాం. పట్టీ వెడల్పు 20 మీటర్లు, మన పొలంలో పొడవు 100 మీటర్లు అనుకోండి. 2000 చదరపు మీటర్లు, అంటే దగ్గరదగ్గర 49 సెంట్లు, అర ఎకరం అనుకుందాం. ఎకరం 40 లక్షలు పలికే చోట అర ఎకరం 20 లక్షలు. అందులో 10 శాతం 2 లక్షలు. ఒకసారి ఇస్తారు, అంతే.

ఈ లెక్క చెప్పగానే పెద్దాయన అన్న మాట: "అంటే భూమి నాదే, కానీ దాని మీద నా ఇష్టం నాది కాదన్నమాట. ఇష్టం లేని భూమి పదో వంతు ఖరీదేంట్రా?" నా అభిప్రాయం కూడా అదే. ఆ చట్టం 1962 నాటిది. అప్పటి పొలం వరి పండించే పొలం. ఇవాళ్టి పొలం చెరువు కావచ్చు, తోట కావచ్చు, పిల్ల పెళ్లికి ప్లాటు కావచ్చు. మనం పోగొట్టుకునేది ఈ ఏడాది పంట ఒక్కటే కాదు, రేపు ఆ భూమి ఏం కాగలదో అది. పది శాతంలో ఆ రేపటికి లెక్క లేదు. అధికారి కట్టిన పరిహారం ఒప్పుకోకపోతే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లే దారి చట్టంలోనే ఉంది. ఆ దారి ఉందని తెలిసినవాళ్లెంతమంది?

ఇంకోమాట. నష్టపరిహారం గురించి చట్టం 'భూమిలో ఆసక్తి ఉన్న వ్యక్తి' అంటుంది, ఒక్క పట్టాదారు అని కాదు. పంట పోయింది కౌలు రైతుదైతే ఆ డబ్బు కౌలు రైతుకే చేరాలి. భూమిగల సోదరులు ఇక్కడ పెద్దమనసు కాదు, న్యాయం చూపించాలి. కొలతలకి వచ్చినప్పుడే కౌలుదారు పేరు రాయించండి.

ఇప్పుడు పైపు సంగతి. గ్యాస్ లైన్లన్నీ ఒకటి కావు. దూరాభారం మోసేది ట్రాన్స్‌మిషన్ లైను. కాకినాడ దగ్గర నుంచి గుజరాత్‌లో భరూచ్ దాకా సుమారు 1400 కిలోమీటర్లు వెళ్లే లైను అలాంటిదే. ఊళ్లలో, వీధుల్లో ఇంటింటికీ పంచేది డిస్ట్రిబ్యూషన్ లైను. మన కాలవల భాషలో చెప్పాలంటే మొదటిది ప్రధాన కాలువ, రెండోది పిల్ల కాలువలు, బోదెలు. ప్రధాన కాలువ నుంచి బోదెకి దిగే లాకు లాంటిదే సిటీ గేట్ స్టేషన్. అక్కడ ఒత్తిడి తగ్గిస్తారు, కొలుస్తారు, వాసన కలుపుతారు.

ఒత్తిడిని 'బార్'లలో చెబుతారు. కారు టైరులో గాలి రెండు బార్ల పైచిలుకు ఉంటుంది. ఊళ్లో పంచే పసుపు రంగు ప్లాస్టిక్ పైపులో 7 బార్ల లోపు. వంటింట్లో స్టవ్ దగ్గరికి వచ్చేసరికి ఒక బారులో యాభయ్యో వంతు. పెద్ద ట్రాన్స్‌మిషన్ లైన్లలో 90 బార్ల పైన కూడా ఉంటుంది. "ఏదో గ్యాస్ పైపు" అని తీసిపారేయకూడదు అనేది ఇందుకే.

వాసన గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. సహజవాయువుకి సొంతంగా వాసన లేదు. ఆ కుళ్లు వాసన మెర్కాప్టాన్ అనే మందుది. పెద్ద లైన్లలో సాధారణంగా అది కలపరు. కాబట్టి పొలంలో "వాసన రావట్లేదు, ఏం పర్లేదు" అనుకోకండి. బుస్సుమనే చప్పుడు, బోదెలో నీళ్లు ఊరికే బుడగలు రావడం, పచ్చని చేలో ఒకచోట మాత్రం పైరు పసుపెక్కడం, ఇవి గుర్తులు. అనుమానం వస్తే మోటారు స్విచ్ ముట్టుకోవద్దు, ట్రాక్టర్ స్టార్ట్ చేయొద్దు, బీడీ వెలిగించొద్దు. గాలి ఎటు నుంచి వస్తుంటే అటు నడిచి, దూరం వెళ్లాకే ఫోన్ చేయండి. నంబరు పొలంలోని మార్కర్ రాయి మీదే ఉంటుంది. ఇవాళే ఫోన్‌లో ఎక్కించుకోండి.

ఆ మార్కర్ పక్కన చిన్న స్తంభం కూడా కనిపిస్తుంది. అది టెస్ట్ పోస్టు. ఇనప పైపు బయట నుంచి తుప్పు పట్టకుండా కొద్దిపాటి కరెంటు పంపుతారు, దాన్ని కాథోడిక్ ప్రొటెక్షన్ అంటారు. ఆ కరెంటు సరిగా ఉందో లేదో ఈ స్తంభం దగ్గరే చూస్తారు. మనవాళ్లు దానికి గేదెల్ని కట్టేస్తున్నారు, దమ్ము చేసేటప్పుడు అడ్డమని పీకేస్తున్నారు. అది వాళ్ల ఆస్తి కాదు బాబూ, మన కాపలాదారు.

మధ్యమధ్య కంచె వేసి కనిపించేది వాల్వ్ స్టేషన్. ఎక్కడైనా పైపు పగిలితే అటూ ఇటూ వాల్వులు మూస్తారు. కానీ మూసినంత మాత్రాన గ్యాస్ ఆగిపోదు, రెండు వాల్వుల మధ్య ఉన్నదంతా బయటికి పోవాల్సిందే. ఇళ్లు తక్కువగా ఉన్నచోట వాల్వుల మధ్య దూరం 32 కిలోమీటర్ల దాకా ఉండొచ్చు, ఇళ్లు పెరిగేకొద్దీ దగ్గరగా ఉండాలి. లైనుకి రెండు వైపులా 200 మీటర్లలో ఎన్ని ఇళ్లున్నాయో లెక్కపెట్టి 'లొకేషన్ క్లాస్' 1 నుంచి 4 వరకు ఇస్తారు. లైను వేసినప్పుడు ఖాళీ పొలాలు, ఇప్పుడక్కడ లేఅవుట్లు. మరి క్లాసు మారిందా? పంచాయతీ అడగాల్సిన ప్రశ్న ఇది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన రెండు మాటలు: తడి గ్యాస్, పొడి గ్యాస్. బావిలోంచి వచ్చిన గ్యాస్‌లో నీరు, కండెన్సేట్ అనే ద్రవం ఉంటాయి. వాటిని తీసేస్తే పొడి గ్యాస్. తీయకపోతే ఆ నీరు పైపు అడుగున చేరి లోపల నుంచి తినేస్తుంది. కాథోడిక్ ప్రొటెక్షన్ లోపలి తుప్పుని ఆపలేదు. పైపు లోపల నడిపే 'పిగ్' అనే పరికరంతో తుడవాలి, గోడ మందం చూసుకోవాలి.

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ లైను పగిలి మంటలు చుట్టేశాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొబ్బరి చెట్లు మాడి మసైపోయాయి. పొడి గ్యాస్ కోసం వేసిన లైనులో తడి గ్యాస్ పంపారని, లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. ఆ ఊళ్లో ఎంతమందికి ఆ ముందురోజు దాకా తడికీ పొడికీ తేడా తెలుసు? తెలిసుంటే ప్రమాదం ఆగేదని నేననను. ఆపాల్సిన బాధ్యత లైను నడిపేవాళ్లది. కానీ తెలిసిన ఊరు "మా కింద వెళ్లేది తడి గ్యాసా, పొడి గ్యాసా? పిగ్ ఎప్పుడు నడిపారు?" అని అడుగుతుంది. అడిగే ఊరికి జవాబు చెప్పక తప్పదు.

నేను గ్యాస్‌కి వ్యతిరేకిని కాదు. మనం చల్లే యూరియా తయారయ్యేది గ్యాస్‌తోనే, రామగుండం ఫ్యాక్టరీ నడిచేదీ గ్యాస్‌తోనే. లైన్లు కావాలి. ఎక్కడో ఒకరి పొలంలోంచే వెళ్లాలి. అందుకే నేనడిగేది మూడే. ఒకటి, నోటీసుతో పాటు ఈ మాటలన్నిటికీ తెలుగులో అర్థం, పొలం స్కెచ్ ఇవ్వాలి, గ్రామసభలో చదివి వినిపించాలి. రెండు, ఆ పది శాతాన్ని ఇప్పటి భూమి వాడకాన్ని బట్టి మార్చాలి. మూడు, ఏటా ఒకసారి లైను నడిపేవాళ్లు ఊళ్లోకొచ్చి తనిఖీల వివరం చెప్పాలి.

మనవైపు నుంచి చేయాల్సింది కూడా ఉంది. లైను పైన మట్టి సాధారణంగా మీటరు మందమే. బోరు వేసే ముందు, జేసీబీ దించే ముందు అడగండి. తవ్వకాల సమాచారం కోసం 2023లో కేంద్రం 'కాల్ బిఫోర్ యు డిగ్' అనే యాప్ కూడా తెచ్చింది.

పెద్దాయన అభ్యంతరం రాయించుకుని మొన్న సంతకం పెట్టారు. 21 రోజుల్లో ఇంకా తొమ్మిది మిగిలున్నాయి. మీ ఊళ్లో కూడా నోటీసు వచ్చుంటే తేదీ చూసి కామెంట్లో పెట్టండి, కలిసి లెక్కేసుకుందాం.