సుంకం అమెరికాలో, కోత భీమవరం చెరువులో

2025 ఏప్రిల్ 2న భారత సరుకుపై 26 శాతం సుంకం వేస్తున్నట్టు ట్రంప్ ప్రకటించారు. ఆ రేటు అమల్లోకి రాకముందే భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చెరువుల దగ్గర రొయ్య ధర కిలోకు పదుల రూపాయలు పడిపోయింది. వారం తిరిగేసరికి, ఏప్రిల్ 9న, ఆ సుంకాన్ని 90 రోజులు వాయిదా వేశారు. 10 శాతం మాత్రం ఉంచారు. సుంకం ఎంత తొందరగా ఆగిందో ధర అంత తొందరగా తిరిగి రాలేదన్నది రైతుల గోడు.

ఇక్కడ ఒక ప్రశ్న అడగాలి. సుంకం వసూలు చేసేది అమెరికా రేవులో, కట్టేది అక్కడి దిగుమతిదారు. మరి ఉండిలో చెరువు లీజుకి తీసుకున్న రైతు జేబులోంచి డబ్బు ఎలా పోయింది?

దీని మీద ఆర్థికవేత్తలు గట్టి పరిశోధనే చేశారు. 2018లో ట్రంప్ మొదటి విడత సుంకాలు వేసినప్పుడు మేరీ అమితి, స్టీఫెన్ రెడింగ్, డేవిడ్ వైన్‌స్టీన్ కలిసి లెక్క తీశారు. భారం దాదాపు మొత్తం అమెరికా కొనుగోలుదారుల మీదే పడిందని, విదేశీ అమ్మకందారులు ధర పెద్దగా తగ్గించలేదని తేల్చారు. టీవీ చర్చల్లో తరచూ వినిపించేది ఈ ముక్కే: "సుంకం వేస్తే అమెరికా వాడే నష్టపోతాడు."

కానీ ఆ కాలం గురించే ఇంకో పరిశోధన ఉంది. అల్బర్టో కవాలో, గీతా గోపీనాథ్, బ్రెంట్ నైమన్, జెన్నీ టాంగ్ చేసింది. అమెరికాలోకి వచ్చే సరుకు విషయంలో వీళ్లకీ దాదాపు అదే ఫలితం వచ్చింది. అయితే చైనా లాంటి దేశాలు బదులుగా సుంకం వేసినప్పుడు అమెరికా ఎగుమతిదారులు తమ ధరలు తగ్గించుకోవాల్సి వచ్చింది, ముఖ్యంగా వ్యవసాయ సరుకులో. కారణం సులువు. సోయాబీన్ ఎక్కడ పండినా సోయాబీనే. ఒకచోట ఖరీదైతే కొనేవాడు ఇంకోచోటికి పోతాడు.

వనామి రొయ్య సంగతీ అంతే. ఆగస్టు 7 నుంచి భారత్ మీద 25 శాతం, రష్యా చమురు పేరుతో 27 నుంచి మరో 25 శాతం పడింది. యాంటీ డంపింగ్ సుంకం, 5.77 శాతం కౌంటర్‌వెయిలింగ్ సుంకం కలిపితే మొత్తం 58 శాతం దగ్గరికి చేరింది. ఈక్వెడార్ మీద పడిన కొత్త సుంకం 15 శాతమే. అమెరికా సూపర్ మార్కెట్ వాడికి ప్యాకెట్ మీద ఏ దేశం పేరున్నా ఒకటే.

ఇంతవరకూ ఆర్థికశాస్త్రం. అయినా ఒక చిక్కు మిగులుతుంది. ధర పడితే రైతు నాలుగు వారాలు ఆగొచ్చు కదా? ధాన్యమైతే గోదాములో పెడతారు, పసుపైతే కోల్డ్ స్టోరేజీలో. రొయ్య ఎందుకు ఆగదు? దీనికి జవాబు భౌతికశాస్త్రంలో ఉంది.

నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల మంచినీళ్లలో లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాములు ఉండగలిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. ఉప్పునీళ్లయితే ఇంకా తక్కువ. పగలు ఎండలో నీటిలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. చీకటి పడ్డాక ఆ నాచే, రొయ్యలతో పాటు, అడుగున కుళ్లే మేతతో పాటు, దాన్ని వాడేసుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చెరువు ఊపిరి అడుగంటుతుంది. నాలుగు మిల్లీగ్రాముల కంటే తగ్గితే రొయ్యకి కష్టం మొదలవుతుంది. ఇంకా తగ్గితే పైకి తేలుతుంది. రాత్రంతా ఏరియేటర్లు తిరిగేది, కరెంటు పోతే డీజిల్ జనరేటర్ ఉరికించేది అందుకే.

రొయ్య పెరిగేకొద్దీ మేత పెరుగుతుంది, ఆక్సిజన్ ఖర్చూ పెరుగుతుంది. 100 కౌంట్ రొయ్యని (కిలోకి వంద తూగేది) 50 కౌంట్ దాకా పెంచితే ధర ఎక్కువే వస్తుంది. కానీ ప్రతి రాత్రీ ఒక జూదం. మబ్బు పట్టిన రెండు రోజులు చాలు, పంట మొత్తం పోవడానికి. ఈ సంగతి రైతుకి ఎంత తెలుసో, బేరానికి వచ్చిన ఏజెంటుకీ అంతే తెలుసు.

భయం ఉన్నచోట మందుల బేరం నడుస్తుంది. తెల్లమచ్చ వ్యాధి తెచ్చేది వైరస్. యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చేయలేదు. అయినా ఏదో ఒకటి వేస్తేగానీ నిద్ర పట్టని రాత్రులుంటాయి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు రొయ్యల సాగులో నిషేధం. వాటి అవశేషాలు దొరుకుతున్నాయనే యూరోపియన్ యూనియన్ 2016లో మన చెరువు సరుకు తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అంటే వచ్చే ప్రతి రెండు కన్‌సైన్‌మెంట్లలో ఒకటి పరీక్షకి వెళ్తుంది. అంత ఆలస్యం, అంత రిస్కు ఎందుకని ఎగుమతిదారు అమెరికా దారే పట్టాడు. 2023-24లో అమెరికా ఒక్కటే మన దగ్గర్నుంచి 2,97,571 టన్నుల రొయ్య కొంది. ఒకే గిరాకీదారు మీద ఇంతగా ఆనుకోవడానికి ట్రంప్ కారణం కాదు.

యాంటీబయాటిక్ సంగతి వ్యాపారంతోనే ముగియదు కూడా. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. చెరువు నీళ్లు చివరికి చేరేది ఊరి డ్రెయిన్లలోకే. ఆ నీళ్లలో దిగే కూలీలకి, పీలింగ్ షెడ్లలో రోజంతా రొయ్య ఒలిచే ఆడవాళ్లకి, ఐసు దించే కుర్రాళ్లకి ఏ దేశమూ తనిఖీ పెట్టలేదు. పట్టుబడి ఆగితే మొదట పని పోయేదీ వాళ్లకే. వాళ్ల నష్టం ఏ వినతిపత్రంలోనూ విడిగా కనపడదు.

వినతిపత్రాలు మాత్రం వెళ్లాయి. సుమారు 25,000 కోట్ల నష్టమని, ఆర్డర్లలో సగం దాకా రద్దయ్యాయని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సెప్టెంబరులో కేంద్రానికి రాశారు. అంతకుముందు ఏప్రిల్‌లో ఎగుమతిదారుల్ని కూర్చోబెట్టి ధర మీద మాట్లాడారు కూడా. ఇక్కడ 1965లో మాన్‌కర్ ఓల్సన్ రాసిన మాట గుర్తుకొస్తుంది: కొద్దిమంది ఉన్న గుంపు తేలిగ్గా ఒక్కటవుతుంది, వేలమంది ఉన్న గుంపు ఒక్కటవ్వదు. ప్రాసెసింగ్ ప్లాంట్ల వాళ్లందరికీ ఒక హాలు చాలు. రైతులు ఊరూరా ఉన్నారు, పైగా ఎవరి చెరువు తేదీ వాళ్లది. 2011లో కోనసీమ వరి రైతులు క్రాప్ హాలిడే చేసి చూపించారు నిజమే. అయితే ఎకరాకి లీజు ముందే కట్టేసిన కౌలుదారుకి ఖాళీ చెరువు అంటే చేజేతులా నష్టం.

ఫ్రీజర్ ఎవరి చేతిలో ఉంటే ఆగే శక్తి వాళ్లదే. ఇప్పుడది పూర్తిగా ప్లాంట్ల చేతిలో ఉంది. రైతు సంఘాలకి అద్దెకి శీతల గిడ్డంగి జాగా ఇప్పించడం మీద జరగాల్సిన చర్చ, కరెంటు యూనిట్ రూపాయిన్నర మీద జరిగినంత జరగలేదు.

యూరప్ దారి కొంచెం తెరుచుకుంది. సెప్టెంబరులో 102 కొత్త యూనిట్లకి ఈయూ అనుమతి ఇచ్చింది. జులై 24న సంతకమైన బ్రిటన్ ఒప్పందం అమల్లోకి వస్తే రొయ్య మీద సుంకం ఉండదు. అయితే ఈయూకి పోవాలంటే పట్టుబడికి ముందే ఎంపెడా ల్యాబ్‌లో యాంటీబయాటిక్ పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకోవాలి. ల్యాబ్ భీమవరంలోనే ఉంది. రిపోర్టు రాకముందే ఒక తెల్లవారుజామున రొయ్య తేలితే మాత్రం, రైతు ఆ రోజే వల వేయాలి, ఆ రోజు ఏజెంటు చెప్పిన రేటుకే ఇవ్వాలి.