మహాకాము నదీతీర గ్రామములలో భూమి, బ్రతుకు

దూరదేశమున భూమి చౌకగా దొరకుననెడి మాట వినబడినప్పుడెల్ల మన గ్రామములలో కొందఱి మనస్సు అటు లాగుట సహజము. డెల్టాలో ఎకరము వెల యెంతకు పోయినదో యెఱిగినవానితో, ఇండొనీషియాలో బోర్నియో దీవి నడుమ, పెద్ద నది యొడ్డున, ఎకరములకెకరములు పచ్చని యడవి పడియున్నదని చెప్పినచో ఆశ పుట్టకుండునా? ఆ భూములను గూర్చి ఈ నడుమ మమ్మునడిగిన సభ్యులు కలరు. వలదని యొక్క మాట చెప్పి యూరకుండవచ్చును. కాని ఆ యేటిగట్టు గ్రామస్థుల స్థితిని కొంచెము తఱచి చూచినచో, కొనదలచినవానికంటె అచ్చట పుట్టి పెరిగిన రైతుకే చిక్కు ఎక్కువ కలదనియు, ఆ చిక్కుతో మన వంటయింటికిని కొంత సంబంధము కలదనియు తేలుచున్నది. అందుచేత ఈ విషయమును కొంచెము వివరముగా వ్రాయుచున్నాము.

మేము చెప్పబోవునది మహాకాము నది. ఇది కాలిమంతాను, అనగా బోర్నియోలో ఇండొనీషియాకు చెందిన భాగమునందు, దీవి నడుమనున్న కొండలలో పుట్టి, 900 కిలోమీటర్లకు పైగా ప్రవహించి, సమరిందా పట్టణము దాటిన పిదప పాయలుగా చీలి తూర్పున మకస్సారు జలసంధిలో కలియుచున్నది. రాజమహేంద్రవరము వైపునుండి పాపికొండలకు లాంచీలో పోయినవారు దీనిని కొంత యూహించుకొనగలరు. అయితే మన ప్రయాణము సాయంకాలమునకు ముగియును. అచ్చట సమరిందాలో ఎక్కినవాడు లాంగ్ బాగున్ చేరుటకు రాత్రియు లాంచీలోనే పరుండవలెను. అటుపైన రాళ్లమీద నీరు దుమికెడి భయంకరమైన చోట్లు కలవు. సన్నని పొడవైన పడవలకు ఇంజనులు కట్టి, ఆ యేటిలోని రాయిరాయిని ఎఱిగిన సరంగులు వానిని దాటింతురు. ఇటీవల రోడ్లు వేయుచున్నారు గాని ఎగువ గ్రామములకు నేటికిని ఏఱే ముఖ్యమైన దారి. వాన తక్కువైన యేట నీరు దిగిపోయి పడవలు నిలిచిపోవును. బియ్యము, ఉప్పు, పెట్రోలు పైకి రావు. వచ్చినవానికి చెప్పినదే వెల. ఇక 2024 మే నెలలో అదే నది పొంగి, మహాకాము ఉలు జిల్లాకు ముఖ్యస్థలమగు ఉజో బిలాంగును, చుట్టునున్న గ్రామములను ముంచివేసినది. ఇట్టి చోట పంట వెల యనగా సమరిందా వెలలో పడవకూలి పోగా మిగిలినదే. భూమి వెలయును అంతే.

నేలను గూర్చి ఒక మాట. మిన్నంటిన చెట్లను చూచి అడుగున మన్ను సారవంతమని తలచుట గొప్ప పొరపాటు. ఆ దేశపు కొండనేలలు చాలవఱకు పులుపు నేలలు. సారమంతయు చెట్లలోను, రాలిన ఆకులోను ఉన్నది గాని మంటిలో లేదు. చెట్టు తీసివేసినచో కొలది యేండ్లకే వానలు ఆ బలమును కడిగివేయును. అందుచేతనే అచ్చటి బహావు, బెనువాకు మొదలగు దయాకు జాతులవారు మన మన్యపు పోడును పోలిన సేద్యము చేయుచు వచ్చిరి. అడవి నఱికి, కాల్చి, కఱ్ఱతో గుంటలు పొడిచి వడ్లు వేసి, ఒకటి రెండు పంటలైన పిమ్మట ఆ నేలను పెక్కేండ్లు విడిచెదరు. విడిచిన నేల పాడునేల కాదు. బెనువాకులు వరి చేనిలోనే పేము మొక్కలు నాటుదురు. అవి పెరుగుచున్న యడవితోపాటు పెరిగి కొన్ని యేండ్లకు కోతకు వచ్చును. ఊరి ప్రక్క దూరియాను, రంబుతాను, పనసజాతి చెట్లు గల తోపులుండును. వానికి లెంబో అని పేరు. తాత నాటిన చెట్టు పండు తాత సంతతి వారందఱిది. పెద్దడవిని మొదట నఱికినవాని వంశమునకు ఆ నేలపై హక్కు. ఇంటికి ఉలిన్ అను చేవకఱ్ఱ స్తంభములు వేయుదురు. అది ఎండకు వానకు లొంగనిది. ఊరు కదలినపుడు ఆ స్తంభములను పెఱికి వెంట తీసికొనిపోయిన వారును కలరు. దిగువ సరస్సుల దగ్గఱ చేపలు పట్టి ఎండబెట్టి అమ్మువారు వేఱు. వారిలో కొందఱి యిండ్లు నీటిపైననే తేలుచుండును.

ఇచ్చట నొక సంగతి చెప్పక విడువజాలము. ఈ నదిపైననే మువారా కామాన్ అనుచోట దొరకిన యూపశిలలు క్రీ. శ. 400 ప్రాంతమున మూలవర్మ యను రాజు కాలమున వెలసినవి. ఆ దేశమున దొరకిన శాసనములలో అవి మిక్కిలి ప్రాచీనములు. భాష సంస్కృతము; లిపి మన దక్షిణదేశమున పల్లవులనాడు వాడుకలోనుండినది. గోదానముతోపాటు భూదానమును వానిలో పేర్కొనబడినది. పదునాఱు వందల యేండ్ల క్రిందట ఆ గట్టున భూమినిచ్చినవాని పేరు ఱాతిపై నెక్కినది. నేడు ఆ భూమిని సాగుచేయువాని పేరు కాగితముపై నెక్కుట దుర్లభముగా నున్నది.

ఇక చట్టము. ఇండొనీషియాలో 1960వ సంవత్సరపు 5వ చట్టము భూమికి మూలము. దాని ప్రకారము పూర్తి స్వామ్యమునకు హక్ మిలిక్ అని పేరు. (హక్కు అను మాట అరబ్బీనుండి వారికిని మనకును వచ్చినదే.) ఆ హక్కు ఆ దేశపు పౌరునికి మాత్రమే చెల్లును. విదేశీయునకు నేరుగాగాని చాటుగాగాని ఆ హక్కు చేరునట్లు జరిగిన విక్రయము చెల్లదు, భూమి ప్రభుత్వపరమగును, చెల్లించిన సొమ్ము తిరిగి యడుగుటకు వీలులేదని ఆ చట్టమే స్పష్టముగా చెప్పుచున్నది. అచ్చటివాని పేర బినామీగా కొనుడని చెప్పెడి దళారులను నమ్మువారు ఈ చివరి వాక్యమును రెండుసారులు చదువవలెను. విదేశీయునకు దొరకునది గడువు గల యుపయోగపు హక్కు మాత్రమే. మన ఏజెన్సీలో 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో జరిగిన సవరణ ఎఱిగినవారికి ఈ యేర్పాటు క్రొత్తగా తోచదు. అది న్యాయమే యని మా యభిప్రాయము. కొనదలచినవారికి ఇంతటితో సమాధానము ముగిసినది.

పరదేశి రాకుండ తలుపు వేసినంతమాత్రమున గ్రామస్థుని భూమి నిలిచినదా? నిలువలేదు. వాని చేతిలో సాధారణముగా నుండునది గ్రామపెద్ద యిచ్చిన యొక చీటి. అది సాక్ష్యమే గాని పట్టా కాదు. పెద్దడవి యంతయు ప్రభుత్వపు అడవిగా చాలకాలము లెక్కింపబడినది. ఆచారము ననుసరించి జాతులవారు అనుభవించు అడవి ప్రభుత్వపు అడవి కాదని అచ్చటి రాజ్యాంగ న్యాయస్థానము 2013 మే 16వ తేదీన తీర్పు చెప్పెను. మంచి తీర్పు. కాని అట్టి యడవులలో మొదటి తొమ్మిదింటికి గుర్తింపు పత్రములిచ్చుటకు 2016 డిసెంబరు వఱకు పట్టినది.

ఈ నడిమి కాలమున పామాయిలు కంపెనీలు వచ్చినవి. కంపెనీకి వలసిన సేద్యపు హక్కు ప్రభుత్వభూమిపై నిచ్చునది. 1960 చట్టము ప్రకారము దాని గడువు 25 లేక 35 ఏండ్లు. మఱి 25 ఏండ్లు పొడిగింపవచ్చును. ఆ హక్కు పుట్టుటకు ముందు గ్రామస్థులు తమ ఆచారహక్కును వదలుకొనవలెను. గడువు తీరిన నాడు భూమి ప్రభుత్వమునకు పోవును గాని ఇచ్చినవానికి తిరిగి రాదు. కంపెనీకి కౌలుకిచ్చితిమని తండ్రి తలచును. ఇచ్చివేసినాడని కొడుకునకు ముప్పదియేండ్ల పిమ్మట తెలియును. మాఱుగా ప్లాస్మా అను పేర సాధారణముగా కుటుంబమునకు రెండు హెక్టారుల తోట వేసియిత్తురు. పశ్చిమ కాలిమంతానులోని సంగావు ప్రాంతమున ఏడున్నర హెక్టారులిచ్చి రెండు పుచ్చుకొన్నవారు కలరు. ఆ రెండింటిని వేయుటకైన ఖర్చు అప్పుగా వ్రాయబడి గెలల వెలనుండి కోత పడుచుండును. పలుచోట్ల ఈ యప్పు సహకార సంఘము పేరనే నడచును. లెక్క కంపెనీ గుమాస్తా వ్రాసి, సభ్యుడు వ్రేలిముద్ర వేయుచోట సంఘమను పేరు నిలుపుట మనవంటివారికి కష్టము కలిగించును.

పంటలను గూర్చి మా యభిప్రాయమును మొగమాటము లేక చెప్పెదము. దూరపు ఏటిగట్టున నుండు రైతుకు వేచియుండగల పంటయే ఆస్తి. రబ్బరు వెల పడినచో గాటు వేయుట మానవచ్చును. పాలు చెట్టులోనే యుండును. పేము వెల పడినచో కోయక విడువవచ్చును. ఇండొనీషియా ప్రభుత్వము 2012 జనవరినుండి ముడి పేము ఎగుమతిని ఆపివేసినప్పుడు ఆ సాగుదారులు చాల నష్టపడిరి. అయినను తీగ తోటలోనే యున్నది. పామాయిలు గెల అట్టిది కాదు. కోసిన ఒకటి రెండు దినములలో మిల్లు చేరవలెను. లేనిచో నూనె చెడును, కోయనిచో పండ్లు రాలిపోవును. మిల్లు ఒకటే, దారి ఒకటే, వెల చెప్పువాడును ఒక్కడే. ఈ పంటను మేము దూషించుటలేదు. రోడ్డును పోటీ మిల్లును గల చోట అది లాభకరమే. వాని వరిమడియు పండ్లతోపును దానికి మాఱుగా పోరాదు. 1930 ప్రాంతములలో, రబ్బరు వెఱ్ఱి ముదిరిన కాలమున, రబ్బరు చెట్టులోని ఆత్మ వరి ఆత్మను తినివేయుచున్నదని ఎవరికో కల వచ్చెనని పశ్చిమ బోర్నియో లోపలి గ్రామములలో వార్త ప్రాకి, కొందఱు చెట్లు నఱికివేసిరట. నఱుకుట తొందరపాటే, కాని ఆ కలలో బుద్ధి లేకపోలేదు.

మన సంబంధమును చెప్పవలసియున్నది. మన దేశము విదేశములనుండి కొను పామాయిలులో పెద్ద భాగము ఇండొనీషియాది. ఆ దేశము 2022 ఏప్రిల్ 28వ తేదీనుండి మూడు వారములకు పైగా ఎగుమతి నాపినప్పుడు మన వంటనూనె వెలయు గందరగోళమైనది. పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల రైతులును గెలలను తమ మండలమునకు కేటాయించిన ఫ్యాక్టరీకే పోయుచున్నారు గనుక, ఒకే కొనుగోలుదారు చేతిలోనుండుట యేమో వారికి చెప్పనక్కఱలేదు. అయితే మన రైతు గెలలమ్మును, పట్టా ఇంటిలో నుండును. మహాకాము రైతు పట్టా లేకయే భూమిని దాటించుచున్నాడు.

సహకారము ఆ దేశమునకు క్రొత్త కాదు. ప్రథమ ఉపరాష్ట్రపతియగు మహమ్మదు హట్టాను సహకారోద్యమ పితయని పిలుతురు. 1947 జూలై 12న జరిగిన తొలి మహాసభ దినమును నేటికిని పాటించుచున్నారు. పాంటియానాకులో 1987లో దయాకులు పంచుర్ కాసీ అను పరపతి సంఘమును తామే నెలకొల్పుకొనిరి. ఇట్టి సంఘము ఊరిలో ముందుగా నుండి, ఆసుపత్రికి, చదువునకు, పడవ ఇంజనుకు అప్పు దొరకుచున్నచో, కంపెనీవాడు ముందస్తు సొమ్ము చూపినప్పుడు రైతు చేయి అంత వేగముగా చాపడని మా నమ్మకము. ఈ తొందర నేడు మఱింత కలదు. తూర్పు కాలిమంతానుకు రాజధానిని మార్చెదమని 2019లో ప్రకటించి, 2022లో చట్టము చేసిన నాటినుండి ఆ ప్రాంతమున భూములపై దళారుల కన్ను పడినది. హద్దులు కొలిపించి పేరు వ్రాయించుకొనుటకు గ్రామస్థులకున్న వ్యవధి తగ్గుచున్నది.

మన సభ్యుల బంధువులెవరైనను ఆ దేశపు తోటలలోగాని మిల్లులలోగాని పనిచేయుచున్నచో, అచ్చటి సంఘములలో గెలల లెక్క సభ్యులకు ఏ రీతిని చదివి వినిపించుచున్నారో, అప్పు తీరిన పిదప పత్రము ఎవరి పేర నిచ్చుచున్నారో వ్రాయించి పంపుడు. వచ్చు సంచికలలో ప్రకటించెదము.