ఆ ఒక్క పరీక్ష మానుకోవద్దు

రొమ్ము క్యాన్సర్ రోగికి డాక్టరుగారు హెర్2 పరీక్ష రాసినప్పుడు, "గడ్డ తీసేశారు కదా, మళ్ళీ ఇదెందుకు?" అని చాలా కుటుంబాలవారు అడుగుతుంటారు. ఖర్చు భయంతో అడిగే మాట అది, మాకు తెలుసు. అయినా ఈ పరీక్ష మానుకోరాదని మా గట్టి అభిప్రాయం.

మన శరీర కణాల పైపొరలో రిసెప్టర్లు అనే మాంసకృత్తులు ఉంటాయి. బయటి కబురును కణం లోపలికి చేరవేయడం వీటి పని. హెర్2 వీటిలో ఒకటి. ఇది తన తోటి రిసెప్టర్లతో జతకట్టి, "పెరుగు, రెండుగా చీలు" అనే ఆజ్ఞను లోపలికి పంపుతుంది. ఇది చెడ్డది కాదు, గుండె కండరానికి కూడా కావలసినదే. అయితే రొమ్ము క్యాన్సర్లలో సుమారు 15 నుండి 20 శాతం వాటిలో ఇది కణం మీద కిక్కిరిసిపోతుంది. ఆజ్ఞకు అంతుండదు, గడ్డ వేగంగా పెరుగుతుంది.

ఒకప్పుడు ఈ రకం అంటే వైద్యులే దిగులుపడేవారు. హెర్2ను పట్టుకొని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షనుకు 1998లో అమెరికాలో అనుమతి లభించింది. 2014లో మన దేశంలో తయారైనది అంతకంటే తక్కువ ధరకు వచ్చింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. కాని ఇది హెర్2 ఎక్కువగా ఉన్నవారికే పనిచేస్తుంది. పరీక్ష లేనిదే ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది?

అందుచేత కొన్ని మాటలు గుర్తుంచుకోండి. మొదట ముక్క తీసినప్పుడే ఈ పరీక్ష చేయించడం మేలు. రిపోర్టులో 3 అంటే పాజిటివ్. 2 అంటే తేలలేదని అర్థం, అక్కడ ఆగిపోక ఫిష్ పరీక్ష చేయించాలి. ల్యాబ్‌లోని మైనపు బ్లాకు మీకు ఇస్తే పారవేయవద్దు, మళ్ళీ పరీక్షకు అదే ఆధారం. ఇంజెక్షన్లు సాధారణంగా మూడు వారాలకొకటి చొప్పున ఏడాదిపాటు ఉంటాయి. ఒంట్లో బాగుందని మధ్యలో మానవద్దు. గుండెకు ఎకో పరీక్ష కూడా మధ్య మధ్య తప్పదు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఏది వర్తిస్తుందో ముందే అడగండి.

ఇంటిల్లిపాదికీ వండిపెట్టే తల్లి తన వైద్యం దగ్గరికి వచ్చేసరికి "నాకెందుకులే" అంటుంది. భర్తలకు, బిడ్డలకు మా మనవి ఒక్కటే: ఆ మాట ఒప్పుకోవద్దు.