టీవీ మనల్ని చూస్తోంది!

"టీవీ పనైపోయింది, ఇప్పుడంతా ఫోనే" అనే మాట మన హాస్టల్లో తరచూ వినిపిస్తుంది. నాకైతే అలా అనిపించదు. టీవీ ఎక్కడికీ పోలేదు, దాని పని తీరు మారింది. ఒకప్పుడు మనమే టీవీని చూసేవాళ్ళం. ఇప్పుడు టీవీ కూడా మనల్ని చూస్తోంది.

1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఇస్రో 'సైట్' అనే ప్రయోగం చేసింది. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు వ్యవసాయం, ఆరోగ్యం, చదువుకు సంబంధించిన కార్యక్రమాలు అందాయి. వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఊరి జనమంతా ఒకే టీవీ ముందు కూర్చునేవారు. అప్పుడు సమాచారం ఒకవైపే నడిచేది: పైనుంచి కిందికి. ఎవరు ఏం చూశారో ఆ పెట్టెకు తెలిసేదే కాదు.

1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక నచ్చిన ఛానెల్ పెట్టుకునే వీలు దొరికింది. 2016లో జియో రాకతో డేటా చౌకైంది. 2020లో తెలుగు కోసమే 'ఆహా' వచ్చింది. ఇప్పుడు సీరియల్ టైముకి వంట ముగించుకుని పరుగెత్తాల్సిన పని లేదు. ఇదంతా మంచి మార్పే, కాదనను.

కానీ ఇంటర్నెట్‌కి కలిపిన టీవీకి దారి రెండు వైపులా ఉంటుంది. చాలా స్మార్ట్ టీవీల్లో ఏసీఆర్, అంటే ఆటోమేటిక్ కంటెంట్ రికగ్నిషన్ ఉంటోంది. తెర మీది దృశ్యం నుంచి చిన్న నమూనా తీసి, వేలిముద్రలా సర్వర్‌లోని వాటితో పోల్చి, మనం ఏం చూస్తున్నామో పట్టేస్తుంది. కేబుల్లో చూసినా సరే! అమెరికాలో విజియో అనే కంపెనీ వినియోగదారులకు తెలియకుండా ఇలా సేకరించిందన్న ఆరోపణల మీద 2017లో 22 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది.

మరి మన ఇళ్ళలో? కొత్త టీవీ బిగించేటప్పుడు ఇంగ్లీషులో పేజీలకు పేజీలు వస్తాయి. బిగించడానికి వచ్చినతను టకటకా 'ఓకే' నొక్కేస్తాడు. అమ్మమ్మ దేనికి ఒప్పుకుందో అమ్మమ్మకే తెలియదు. దాన్ని అనుమతి అని ఎలా అంటాం?

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, అనుమతి కోరే సమాచారాన్ని ఎనిమిదో షెడ్యూల్లోని భాషల్లో కూడా చదువుకునే వీలు కల్పించాలి. అందులో తెలుగూ ఉంది. అయితే గ్రాంథికంగా అనువదించి పడేస్తే లాభం లేదు. "మీరు ఏం చూస్తున్నారో మా కంపెనీకి పంపమంటారా? వద్దంటే టీవీ మామూలుగానే పనిచేస్తుంది" అని అడగాలి. అంతే!

ఆ రెండు వాక్యాలు రాయాలంటే కోడూ రావాలి, తెలుగూ రావాలి. రెండూ వచ్చినవాళ్ళు మన కాలేజీలోనే ఇంతమంది ఉన్నాం కదా. రేపు ఉద్యోగాల్లో చేరాక రాద్దాం. ఈలోగా, ఈసారి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు టీవీ సెట్టింగ్స్ తెరిచి, అందులో ఏముందో ఇంట్లోవాళ్ళకి తెలుగులో చెప్పండి. ఉంచాలో తీసెయ్యాలో వాళ్ళే తేల్చుకుంటారు.