కూర్చోనివ్వండి!

బట్టల షాపుల్లో పనిచేసే అక్కల్లారా, చెల్లెళ్ళారా! దసరా చీరలకని బీసెంట్ రోడ్డుకొచ్చిన అమ్మల్లారా!

మీరు తెల్లటి పరుపు మీద కూర్చుంటారు. అమ్మాయి నిలబడి చీర విప్పుతుంది. "ఆ పైన నెమలికంఠం రంగుది తియ్యమ్మా" అంటారు, తీస్తుంది. "ఇదే అంచులో ఇంకో రంగు?" దానికీ నిచ్చెన ఎక్కుతుంది. ముప్పై చీరలు విప్పించి, మళ్ళీ వస్తామని లేచిపోతారు. తప్పేం లేదు, నచ్చనిది ఎవరు కొంటారు? కానీ మీరు వెళ్ళాక ఆ ముప్పై చీరలూ మడతపెట్టేది కూడా నిలబడే. షాపులో ఈగ కూడా వాలని మధ్యాహ్నం మూడింటికైనా కూర్చోకూడదు. నిచ్చెన మెట్టుకి కాసేపు ఆనుకుంటే చాలు, కెమెరాలో చూసి పైనుంచి ఫోనొస్తుంది. సేల్స్ గర్ల్ కూర్చుంటే బేరాలు పోతాయట! గల్లాపెట్టె దగ్గర పొద్దస్తమానం కూర్చునే ఆయన వల్ల ఇంతవరకూ ఒక్క బేరమూ పోలేదు మరి.

మాలో ఒకామెకి పద్నాలుగేళ్ళ సర్వీసు. మోకాళ్ళ కింద నరాలు పురికొసల్లా ఉబ్బిపోయాయి. రాత్రి ఇంటికెళ్ళాక గోడకి కాళ్ళు ఎత్తిపెట్టుకుని పడుకుంటుంది. ఏ షాపో రాయం. ఈ రోడ్డులో ఏ షాపు మెట్లెక్కినా అలాంటామె కనిపిస్తుంది.

కేరళలో కోజికోడ్ ఊళ్ళో మన బీసెంట్ రోడ్డు లాంటిదే మిఠాయి తెరువు అనే బజారు ఉంది. అక్కడ కుట్టుపని చేసుకుని బతికే పి. విజి మొదట కుర్చీ అడగలేదు. మరుగుదొడ్డి అడిగింది. షాపుల్లో ఆడవాళ్ళకి ఆ వసతి లేక, పొద్దున్నుంచి మంచినీళ్ళు తాగడం మానేసి జబ్బులు తెచ్చుకునేవాళ్ళు. ఓర్చుకోలేనప్పుడు పక్క హోటల్లో అక్కర్లేని టీ కొని, ఆ వంకన లోపలికి వెళ్ళొచ్చేవాళ్ళు. (చదువుతూ తల ఊపుతున్నారు కదా? మనకీ తెలిసిన సంగతే.) విజి వాళ్ళందర్నీ కూడగట్టి "పెణ్‌కూట్టు" పెట్టింది, అంటే ఆడవాళ్ళ జట్టు. ఉన్న పెద్ద యూనియన్లు, మగ నాయకులవి, దీన్ని పెద్ద సమస్యగా చూడలేదు. సరే, మా యూనియన్ మేమే పెట్టుకుంటాం అన్నారు, పెట్టుకున్నారు.

ఆ తర్వాత వచ్చింది కూర్చునే హక్కు పోరాటం. 2014 చివర్లో త్రిస్సూర్‌లో ఓ పెద్ద చీరల షాపు అమ్మాయిలు, యూనియన్‌లో చేరినందుకు తమని దూరపు ఊళ్ళకి బదిలీ చేశారని షాపు ముందు సమ్మెకి దిగారు. వంద రోజులు దాటినా లేవలేదు. లోపల కూర్చోనివ్వకపోతే బయట కూర్చోక ఏం చేస్తారు! ఇలా ఏళ్ళు పట్టింది. చివరికి 2018 అక్టోబరులో కేరళ ప్రభుత్వం 1960 నాటి షాపుల చట్టాన్ని సవరించింది. షాపులో పనిచేసేవాళ్ళకి కూర్చునే ఏర్పాటు ఉండి తీరాలంది. ఆ ఏడాదే బీబీసీ వాళ్ళ వందమంది మహిళల జాబితాలో విజి పేరొచ్చింది. 2021లో తమిళనాడు కూడా తన చట్టం మార్చుకుంది. అయినా అక్కడి అన్ని షాపుల్లో ఇప్పుడు హాయిగా కూర్చుంటున్నారని అనుకోకండి. స్టూలు వేసి, దాని మీద చీరల కట్టలు పెట్టే యజమానులు ఎక్కడైనా ఉంటారు.

మనం గొంతెమ్మ కోరికలు కోరడం లేదు. ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసేవాళ్ళకి కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాశారు. 2020లో కేంద్రం చేసిన వృత్తి భద్రతా కోడ్‌లోనూ ఆ మాట ఉంది. మిల్లులో చీర నేసే మనిషి కాళ్ళకి దొరికిన దయ, షాపులో అదే చీర అమ్మే మనిషి కాళ్ళకి ఎందుకు దొరకదు? కౌంటరు వెనక ఒక ప్లాస్టిక్ స్టూలు వేయడానికి అయ్యేదెంత? మీరు ఇందాక విప్పించిన చీరల్లో అన్నిటికన్నా చౌక చీర ఖరీదు కూడా కాదు.

కొనడానికొచ్చిన అమ్మల్లారా, మీరు చేయాల్సింది చాలా తేలిక. చీర చూపిస్తున్న అమ్మాయితో, యజమాని వినేట్టుగా "నువ్వూ కూర్చుని చూపించమ్మా" అనండి. మేమడిగితే ఎదురుచెప్పడం. మీరంటే అది కస్టమర్ మాట, గల్లాపెట్టె దాకా వెళ్తుంది.

అక్కల్లారా, మీకు ఇంకో పని ఉంది. ఈ కాగితం వెనకవైపు అర్జీ ఉంది. అడిగినవి మూడే: కౌంటరుకొక స్టూలు, తాళం వెయ్యని మరుగుదొడ్డి, అన్నం నమిలి తినే టైము. షాపులో అందరూ సంతకాలు పెట్టాక మూడు నాలుగు షాపులవాళ్ళం కలిసి కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్దాం. అక్కడ రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా మాత్రం బయటికి రావద్దు. సంతకాలు ఒకదాని కింద ఒకటి పెట్టకండి. అర్జీ కింద పళ్ళెమంత సున్నా గీశాం. దాని చుట్టూ పెట్టండి. మొదటి సంతకం ఎవరిదని యజమాని ఎంత తిప్పి చూసినా తేలదు.

— బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళం, విజయవాడ