డైట్ కోక్ పోస్తే విస్కీ పథ్యం అవుతుందా?

మొన్న దసరాకి సూర్యాపేట వెళ్ళి, అక్కడ్నుంచి కోదాడలో చిన్నక్క వాళ్ళింటికి పోయాం. మిర్యాలగూడ నుంచి పెద్దక్కా, పెద్ద బావా కూడా వచ్చారు. రాత్రి డాబా మీద సిట్టింగు. బార్‌టెండరు మా బాబాయి కొడుకు. మనలాగే హైటెక్ సిటీలో కోడు రాసుకునే బాపతు. షేకరూ, స్టీవియా చుక్కలూ, డైట్ కోకూ సర్దుకుని మరీ వచ్చాడు.

"బావా, నీకోసమే ఇది. లో షుగర్ విస్కీ సోర్."
"నాకు షుగర్ ఉంది కదరా, దాంట్లో లేకపోతే సరిపాయె!"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను, అందుకే ఇప్పుడీ మంట.

అయ్యా, లెక్కలు చూద్దాం. విస్కీలో చక్కెర ఉండదు, ఉండేది ఆల్కహాలు. మన సీసాల మీద 42.8 శాతం అని రాసుంటుంది కదా, ఆ లెక్కన 60 మి.లీ. పెగ్గులో సుమారు 20 గ్రాములు. గ్రాముకి 7 క్యాలరీలు, అంటే 140. విస్కీ సోర్‌లో పోసే చక్కెర పాకం 20 మి.లీ. అయితే ఇంకో 50. మావాడు ఆ 50 తీసేశాడు, భేష్. కానీ "షుగర్ లేదుగా" అన్న ధీమాతో కంటి అంచనాగా 90 మి.లీ. వంచాడు. అది 210! చక్కెర వేసిన అసలు సోరే దీనికన్నా తేలిక. ప్రొఫైలర్ పెట్టకుండా ఆప్టిమైజ్ చేస్తే ఇంతే. ఇక ఓల్డ్ ఫ్యాషన్డ్‌లో చక్కెర బిళ్ళ మానేశానని గొప్పలు చెప్పే మహానుభావులకి మిగిలేది 16 క్యాలరీలు :-)

రెండో రౌండు డైట్ కోక్‌తో. 2006లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 8 మంది మగవాళ్ళకి వోడ్కా రెండు రకాలుగా ఇచ్చి చూశారు. చక్కెర కలిపినది కడుపులోంచి సగం ఖాళీ కావడానికి 36 నిమిషాలు పడితే, డైట్‌ది 21 నిమిషాల్లో దిగిపోయింది. రక్తంలో ఆల్కహాలు కూడా ఎక్కువ ఎక్కింది. అంటే అదే పెగ్గు, కిక్కు మాత్రం ముందే. అలా తాగి 65వ నంబరు హైవే మీద సూర్యాపేటకి కారు తీస్తానన్నాడు తమ్ముడు! తాళాలు చిన్నక్క లాక్కుంది కాబట్టి సరిపోయింది.

అసలు విషయం తర్వాత జరిగింది. బావ గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుంటాడు. ఆ రాత్రీ వేసుకున్నాడు. అన్నం మాత్రం తినలేదు, "షుగర్ పెరుగుద్ది" అని. మిర్యాలగూడ రైసు మిల్లుల మధ్య పెరిగిన మనిషి! రెండు గంటలకి ఒళ్ళంతా చెమటలు, మాట తడబాటు. ఎక్కువైందిలే, పడుకోనీ అనుకున్నాం. పెద్దక్కకి అనుమానమొచ్చి మీటరు పెట్టి చూస్తే 48. చక్కెర నీళ్ళు తాగిస్తే పావుగంటకి మనిషయ్యాడు.

కారణం పెద్ద రహస్యమేం కాదు. తిండి లేనప్పుడు రక్తానికి చక్కెర తయారుచేసి ఇచ్చేది లివరు. ఆల్కహాలు వస్తే అది ఆ పనిలో పడి దీన్ని పక్కన పెడుతుంది. మాత్రేమో ఇన్సులిన్‌ని తోస్తూనే ఉంటుంది. పైకి కనబడే లక్షణాలన్నీ తాగినవాడివే, ఎవడికీ తెలీదు. ఆ రాత్రి బావకి తక్కువైంది చక్కెరే, మేం పనిగట్టుకుని తీసేసిందీ అదే.

తేలిగ్గా తాగాలంటే తగ్గించాల్సింది విస్కీని, బాబూ. 30 మి.లీ. కొలిచి పొడుగు గ్లాసులో పోసి, నకిరేకల్ నిమ్మకాయ ఒకటి పిండి, గ్లాసు నిండా సోడా. అర చెంచా చక్కెర వేసుకున్నా కొంపలేం మునగవు. ముందు కడుపునిండా తినాలి. షుగరు మాత్రలు వాడేవాళ్ళు మాత్రం ఇదీ నా మాట విని కలుపుకోవద్దు, మీ డాక్టర్నడగండి. బావ అడిగాడు. బాగా తిట్లు తిన్నాడట.

తమ్ముడు నిన్న ఫోన్ చేశాడు. ఈసారి సిట్టింగుకి మాంక్‌ఫ్రూట్ సిరప్ ఆర్డరిచ్చాడట. ముందు పెగ్గు కొలిచే గ్లాసు కొనుక్కోరా అన్నాను. "అవన్నీ ఎందుకన్నా, నాకు చెయ్యి అలవాటే" అన్నాడు.